తిరుగుదారిలో ఒంటరి బండి

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే అని మన పెద్దలు చెప్పుకొనెడివారు. పోవుటలో వింత లేదు, తిరిగి ఇల్లు చేరుటయే వింత అని ఆ మాటకు తాత్పర్యము. అయినను యాత్రలను గురించి వ్రాసినవారిలో చాలమంది పోయినదారిని పుటలకొలది వర్ణించి, వచ్చినదారిని ఒక్క వాక్యములో ముగించివేయుదురు. ఏనుగుల వీరాస్వామయ్యగారు అట్టివారు కారు. 1830 మే 18న చెన్నపట్టణము విడిచి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరునంతవరకు, గయ, కలకత్తా, గంజాముల మీదుగా వచ్చిన తిరుగుప్రయాణమును గూడ వారు శ్రద్ధగా వ్రాసిపెట్టినారు. ఐతే వారు ఒంటరివారు కారు. సుమారు నూరుమంది పరివారముతో, పల్లకీతో, వంటసామగ్రితో సాగిన యాత్ర అది.

ఈనాడు మేము చెప్పదలచినది మరొక ఖండమునకు, మరొక వాహనమునకు సంబంధించిన కథ. అమెరికా సంయుక్త రాష్ట్రములలో తూర్పు సముద్రతీరమునుండి పడమటి తీరమునకు దారి సుమారు మూడువేల మైళ్లు. మనము కన్యాకుమారినుండి శ్రీనగరము వరకు పోయినను అంత దూరము కాదు. ఆ దూరమును మోటారుబండిలో ఒక మనిషి ఒంటరిగా దాటి క్షేమముగా ఇల్లు చేరగలుగుటకు ఎంత కాలము పట్టినదో, ఎవరికి ముందుగా సాధ్యమైనదో, ఎవరికి చివరవరకు నిషిద్ధమై యుండినదో తెలిసికొనుట మనకు నిష్ప్రయోజనము కాదు. మన శ్రోతలలో ఎందరి పిల్లలో నేడు ఆ దేశమున చదువుకొనుచు, ఉద్యోగములు చేయుచు, ఊరు మారవలసి వచ్చినపుడు సామానంతయు కారులో వేసికొని రెండు మూడు దినములు ఒంటరిగా నడుపుకొని పోవుచున్నారు. ఇక్కడ తల్లి నిద్రపోక ఫోనుకొరకు ఎదురుచూచుచున్నది. ఆ దారికి ఒక చరిత్ర కలదు.

1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అను ముప్పదియొక యేండ్ల వైద్యుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక క్లబ్బులో కూర్చుండి యుండగా, మోటారుబండి ఖండమును దాటజాలదని ఎవరో అన్నారు. దాటునని జాక్సన్ అన్నాడు. పందెము యాభై డాలర్లు. ఆయన స్వస్థలము తూర్పున వెర్మాంట్ రాష్ట్రములోని బర్లింగ్టన్. కాబట్టి లోకమునకు అది సాహసయాత్రగా కనిపించినను, ఆయన మటుకు ఇంటికి పోవుచున్నాడు. భార్యను రైలుమీద పంపి, సీవాల్ క్రాకర్ అను యువకుడైన యంత్రజ్ఞుని వెంటబెట్టుకొని, ఎవరో వాడివేసిన వింటన్ బండిని మూడువేల డాలర్లకు కొని, మే 23న బయలుదేరినాడు. బండికి వెర్మాంట్ అనియే పేరు పెట్టినాడు.

అప్పటికి అమెరికాలో రాళ్లుపరచిన మంచి బాట మొత్తము 150 మైళ్లకు మించి లేదని చెప్పుదురు, అదియును పట్టణములలోనే. తక్కినది బండిజాడ. వర్షము వచ్చిన బురద, ఎండ కాసిన ఇసుక. రెండేండ్ల ముందు, 1901లో, ఆ బండిని తయారుచేసిన అలెగ్జాండర్ వింటనే స్వయముగా ప్రయత్నించి నెవాడా ఇసుకలో కూరుకొనిపోయి విరమించినాడు. జాక్సన్ ఆ ఎడారిని తప్పించుకొనుటకు ఉత్తరముగా ఆరెగాన్, ఐడహోల మీదుగా పోయినాడు. దారిలో ఒక స్త్రీని మార్గమడుగగా ఆమె వారిని యాభై మైళ్లకు పైగా పెడదారి పట్టించినదట. ఆ దారి చివర ఆమె పుట్టింటివారున్నారు; వారు మోటారుబండిని ఎన్నడు చూచి యుండలేదు! ఐడహోలో పదునైదు డాలర్లు పెట్టి ఒక బుల్‌డాగును కొన్నారు. దుమ్మువలన దాని కన్నులు మండుచుండుటచేత దానికిని ఒక జత దుమ్ముకండ్లజోడు తగిలించినారు. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట చివరకు మిగిలినది కుక్కయే గదా. దూరపు బాటలకును ఆ జంతువునకును ఏదో పూర్వసంబంధము ఉన్నట్లున్నది. ఈ కథలోనే ముందు మరొక కుక్క రానున్నది.

63 దినములకు, జూలై 26 తెల్లవారుజామున న్యూయార్కు చేరినారు. చరిత్రపుస్తకములు ఇక్కడ ఆగిపోవును. జాక్సన్ ఇల్లు ఇంకను మూడువందల మైళ్ల దూరమున నున్నది. భార్యను ఎక్కించుకొని మరల బయలుదేరినాడు. ఇంటికి పదునైదు మైళ్లు ఉన్నదనగా బండి ఆగిపోయినది. సాయపడుటకు ఆయన అన్నదమ్ములిద్దరు తమతమ బండ్లలో వచ్చినారు. వచ్చిన వెంటనే ఆ రెండు బండ్లును చెడిపోయినవి. ఖండము దాటివచ్చిన బండియే బాగుపడి తక్కిన రెంటిని త్రాటితో లాగుకొని ఊరు చేర్చినది. తీరా సొంత కొట్టము గడప దాటుచుండగా, దారిపొడవున మార్చవలసిన అవసరమే రాని చక్రపు గొలుసు పుటుక్కున తెగినది. కొన్నాళ్లకు ఆ ఊరిలోనే, గంటకు ఆరు మైళ్లకు మించిన వేగముతో బండి నడిపినందుకు జాక్సన్‌ను పట్టుకొన్నారు. పందెపు యాభై డాలర్లను ఆయన వసూలు చేసికొనలేదు. ఖర్చు మాత్రము ఎనిమిదివేల డాలర్లని అంచనా. ఆ బండియు, కుక్క కండ్లజోడును నేటికి వాషింగ్టన్ నగరమున స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో ఉన్నవి.

1909లో ఆలిస్ రాంసే అను ఇరువదిరెండేండ్ల గృహిణి న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు 59 దినములలో బండి నడుపుకొని పోయినది. ఆమెతో ముగ్గురు స్త్రీలున్నను, నలుగురిలో బండి నడుపుట తెలిసినది ఆమెకే. కనుక చక్రము పట్టుకొన్న చోట ఆమె ఒంటరిదే. అప్పటి దారిపుస్తకములు కొండగుర్తులను బట్టి వ్రాయబడెడివి: ఫలానా పసుపుపచ్చ ఇల్లు కనిపించినచోట ఎడమకు తిరుగవలెను అన్నట్లుగా. ఆ ఇంటి యజమానికి మోటారుబండ్లనిన గిట్టదు. అతడు ఇంటికి ఆకుపచ్చరంగు వేయించివేసినాడు. ఆమె దారి తప్పినది.

ఇండ్ల రంగులనుబట్టి దేశము దాటుట ఎంతకాలమో సాగదు గదా! 1913లో న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు లింకన్ రహదారిని నిర్ణయించినారు. 1919లో సైన్యమువారు ఎనుబదికి పైగా వాహనములను ఆ దారినే నడిపించి చూడగా 62 దినములు పట్టినది. అందులో పరిశీలకుడుగా పోయిన ఐసెన్‌హోవర్ అను యువ సైనికాధికారి ఆ బురదను మరచిపోలేదు. 1926లో రహదారులకు అంకెలు వచ్చినవి: తూర్పు పడమరలుగా పోవువానికి సరిసంఖ్యలు, ఉత్తర దక్షిణములుగా పోవువానికి బేసిసంఖ్యలు. ఈ అంకెలను మేము చిన్నవిషయముగా ఎంచము. ఒంటరిగా పోవువానికి ప్రక్కన కూర్చుండి పటము చూచి చెప్పువాడు లేడు. గుంజమీద ఒక అంకె కనిపించిన చాలును, మనిషి ధైర్యముగా బండి నడుపును. 1925 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాన్ లూయీ ఒబిస్పోలో ఆర్థర్ హైన్‌మన్ అను వాస్తుశిల్పి మోటారుబండ్లవారికే ప్రత్యేకముగా ఒక సత్రము కట్టి, మోటారు, హోటలు అను రెండు మాటలను అతికి మోటెల్ అని పేరు పెట్టినాడు. బండిని గది వాకిటనే నిలుపుకొని పడుకొనవచ్చును. 1933 నాటికి కానన్‌బాల్ బేకర్ అను పందెపురాయుడు న్యూయార్కునుండి లాస్ ఏంజిలెస్‌కు ఒంటరిగా యాభైమూడున్నర గంటలలో చేరినాడు. దారిలో అరగంట మాత్రము నిద్రించినాడని ప్రతీతి. ఇది మెచ్చదగినదే గాని అనుకరింపదగినది కాదు.

ఒంటరి చోదకునికి శత్రువు బురద కాదు, నిద్ర. దారి ఎంత నున్నగా, ఎంత తిన్నగా ఉన్న అంత ప్రమాదము. కన్నులు తెరచియే ఉండును, చేతులు చక్రముమీదనే ఉండును, మనస్సు మాత్రము ఎక్కడికో పోవును. ఇట్టివానికి తోడుగా వచ్చినది మా వృత్తికి చెందిన వస్తువే కాబట్టి దానిని గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పినను శ్రోతలు క్షమించవలెను. 1930లో షికాగోలో గాల్విన్ సోదరుల కర్మాగారము మోటారుబండిలో అమర్చు రేడియోను మోటరోలా అను పేరుతో బజారులోనికి తెచ్చినది. పగటివేళ మధ్యతరంగములను ఆకాశములోని ఒక దిగువ పొర పీల్చివేయును. ప్రొద్దుగ్రుంకగానే ఆ పొర విచ్చిపోయి, పైనున్న మరొక పొర ఆ తరంగములను అద్దమువలె మరల నేలకు పంపును. రాత్రి ముదిరినకొద్దీ దూరపు కేంద్రములు తేటగా వినవచ్చుట పాత రేడియో ఉన్న మన ఇండ్లవారందరికిని అనుభవమే. అమెరికాలో యాభైవేల వాట్ల కేంద్రములు కొన్ని రాత్రియంతయు పలుకుచుండెడివి. నెబ్రాస్కా బయళ్లలో పోవు ఒంటరివానికి వందల మైళ్ల దూరపు నగరమునుండి ఒక గొంతు వినవచ్చును. అర్ధరాత్రి వేళ ఎదుట ఎవరును లేని గదిలో మైకు ముందు కూర్చుండి మాటలాడుట ఎట్టిదో మాకు తెలియును. ఆ మాట ఎవరికని ఎవరైన అడిగిన, అట్టివానికే అని చెప్పుదుము.

ఇంతవరకు చెప్పినది బురద, ఇసుక, నిద్ర, గొలుసులు తెగుట. ఇవి అందరికిని సమానమైన కష్టములు. కాని అదే దారిలో కొందరికి మాత్రమే ఉన్న కష్టము వేరొకటి కలదు.

విక్టర్ హ్యూగో గ్రీన్ అను నీగ్రోజాతివాడు న్యూయార్కులో హార్లెం నివాసి. వృత్తి తపాలా బంట్రోతు పని. 1936లో ఆయన ఒక చిన్న పుస్తకము అచ్చువేసినాడు. మొదట న్యూయార్కు ప్రాంతమునకే పరిమితము. తరువాత దేశమంతటికి విస్తరించినది. అందులో కథ లేదు, కవిత్వము లేదు. ఊరిపేరు, వీధి, ఇల్లు. ఏ ఊరిలో నల్లవారికి గది ఇత్తురు, ఏ ఇంట అన్నము పెట్టుదురు, ఎచ్చట పెట్రోలు పోయుదురు, ఎచ్చట క్షవరము చేయుదురు అన్నదియే అందలి విషయము. ఆయన ఇంటిపేరునకు ఆకుపచ్చ అని అర్థము గనుక దానిని గ్రీన్‌బుక్ అన్నారు. హోటళ్లు లేని ఊళ్లలో గృహస్థులే తమ ఇండ్లలో ఒక గది ఇచ్చెడివారు. ఆ గృహస్థుల పేర్లే పుస్తకములో ఉండెడివి. ఎస్సో కంపెనీ పెట్రోలు బంకులలో ఈ పుస్తకము దొరకెడిది.

ఆ పుస్తకము లేక బయలుదేరిన నల్లవాడు ఏమి చేయవలెను? ఉత్తరపు నగరములలో పని చేసికొనుచు ఎండకాలమున దక్షిణమున నున్న తల్లిదండ్రులను చూడబోవు కుటుంబములు తెల్లవారకముందే లేచి రెండు దినములకు సరిపడు భోజనము వండి పెట్టెలలో సర్దుకొనెడివి. పెట్రోలు డబ్బాలు వెంట ఉండవలెను, నీరు ఉండవలెను, దుప్పట్లు ఉండవలెను. ఆడవారికి, పిల్లలకు దారిలో మరుగుదొడ్డి దొరకదు గనుక అందుకును ఒక డబ్బా ఉండవలెను. సూర్యాస్తమయమైన తరువాత నల్లవాడు కనిపించరాదని పొలిమేరలో పలకలు నాటిన ఊళ్లు వందలకొలది ఉండెడివి; దక్షిణమున మాత్రమే కాదు, ఉత్తరమునను పడమటను గూడ. మంచి కారు కొనుక్కొన్న నల్లవాడు తన ప్రక్కన బంట్రోతు టోపీ ఒకటి పెట్టుకొనెడివాడు. పోలీసు ఆపి ఈ కారు ఎవరిదని అడిగిన, దొరగారిది, నేను తోలుచున్నాను అని చెప్పుటకు. తన బండిని తనది కాదని చెప్పిననే ఇల్లు చేరవచ్చును! అంటరానితనమును ఎరిగిన మన దేశమువారికి దీనిని విప్పిచెప్పవలసిన పని లేదు. మన పల్లెలలోను, తన గుర్రముమీద తాను కూర్చుండి ఊరినడుమ పోరాదని కొందరిని దింపినవారున్నారు.

1953లో రాబర్ట్ ఫాస్టర్ అను నల్లజాతి శస్త్రవైద్యుడు లూసియానాలోని మన్రో పట్టణమును విడిచి లాస్ ఏంజిలెస్‌కు తన బ్యూక్ కారులో ఒంటరిగా బయలుదేరినాడు. ఇసబెల్ విల్కర్సన్ అను రచయిత్రి ఆయన ముఖతః విని ఆ ప్రయాణమును 2010లో ప్రకటించిన గ్రంథమున వ్రాసినది. ఆయన సైన్యమున కెప్టెన్ హోదాలో వైద్యుడుగా పనిచేసి వచ్చినవాడు. స్వస్థలపు ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయుటకు ఆయనకు అనుమతి లేదు. టెక్సాస్ దాటి, న్యూమెక్సికోలో ఒకచోట తనవారి బసలో నిద్రించి, అరిజోనాలో ప్రవేశించినాడు. దక్షిణదేశము వెనుకబడినది, ఇక తలయెత్తుకొని పోవచ్చునని ఆయన నమ్మకము. చీకటిపడినది. ఒక మోటెల్ ముందు ఖాళీ ఉన్నదని దీపము వెలుగుచున్నది. పోయి అడిగినాడు, గదులు నిండిపోయినవన్నారు. మరొకచోట అదే మాట. ఇంకొకచోట భార్యాభర్తలు లోనికి పోయి తమలో తాము మాటలాడుకొని వచ్చి, తమకు అట్టి భేదము లేదనియు, ఐనను గది ఇచ్చినచో చుట్టుప్రక్కల మోటెళ్లవారు తమను వెలివేయుదురనియు చెప్పినారు. మంచివారి నోట వచ్చిన ఆ మాట తక్కినవానికంటె ఎక్కువ బాధించినదని మాకు తోచుచున్నది. కాదన్నవానిమీద కోపమైనను పడవచ్చును, వీరిమీద అదియును చెల్లదు. ఫాస్టర్ ఎడారిలో, పిమ్మట కొండమలుపులలో, కన్నులు మూతపడుచుండగా రాత్రియంతయు బండి నడిపి సముద్రతీరము చేరినాడు. పోయినది సొంత ఇంటికి కాదు, ఇల్లు అనిపించుకొనగల చోటును వెదకుకొనుటకు. పిమ్మట ఆయన లాస్ ఏంజిలెస్‌లో పేరుపొందిన వైద్యుడైనాడు. గాయకుడు రే చార్లెస్ ఆయన రోగులలో ఒకడు.

1919 నాటి బురదను మరువని ఐసెన్‌హోవర్ అప్పటికి రాష్ట్రపతి. 1956 జూన్ 29న 41,000 మైళ్ల రాజమార్గముల చట్టముమీద ఆయన సంతకము చేసినాడు. ఊళ్లను తాకక ప్రక్కనుండి పోవు బాటలు, కూడలి లేని బాటలు, ఎదురుబండి రాని బాటలు. సుఖమే, కాని పాత బాటలమీద బ్రదుకుచున్న అంగళ్లు, సత్రములు చాల మూతపడినవి. షికాగోనుండి లాస్ ఏంజిలెస్‌కు పోవు 66వ నెంబరు రహదారి 1985లో పట్టికనుండి తొలగింపబడినది.

ఆ క్రొత్తబాటలు ఇంకను కట్టబడుచున్న కాలముననే, 1960 సెప్టెంబరు 23న, జాన్ స్టైన్‌బెక్ అను ప్రసిద్ధ నవలాకారుడు న్యూయార్కు దగ్గర సాగ్ హార్బరునుండి ఒక ట్రక్కుమీద చిన్న గది కట్టించుకొని దేశము చుట్టిరా బయలుదేరినాడు. వయస్సు యాభైయెనిమిది. తోడు చార్లీ అను కుక్క. ట్రక్కునకు డాన్ క్విక్సోట్ గుర్రము పేరు పెట్టినాడు. తన దేశమును గురించి వ్రాయుచు దానినే మరచితినేమో అని ఆయన భయము. సుమారు పదివేల మైళ్లు, పదునొకండు వారములు. న్యూఆర్లియన్స్‌లో ఆరేండ్ల నల్లపిల్ల రూబీ బ్రిడ్జెస్ తెల్లవారి బడికి పోవుచుండగా కొందరు స్త్రీలు గుమిగూడి బూతులు తిట్టుటను చూచుటకు ఆయన ట్రక్కును, కుక్కను ఒకచోట విడిచి టాక్సీలో పోయినాడు. చూచిన తరువాత ఆయన మనస్సు విరిగినది. ఆ పిమ్మట దారిలో ఒక నల్ల ముదుసలిని బండిలో ఎక్కించుకొన్నట్లును, ప్రశ్నలడుగగా అతడు భయపడి, దిగి నడచిపోయెదనని చెప్పినట్లును గ్రంథములో ఉన్నది.

వర్జీనియాలో అబింగ్డన్ అను ఊరిదగ్గర తన యాత్ర హఠాత్తుగా ముగిసినదని ఆయన వ్రాసినాడు. ఇల్లు ఇంకను వందల మైళ్లున్నది. చక్రములు తిరుగుచునే ఉన్నవి. కాని ఆ తరువాత ఏమి చూచినదియు, ఎవరితో మాటలాడినదియు గుర్తులేదట. యాత్ర ఇంటికంటె ముందే ముగియుట దూరప్రయాణము చేసినవారికి కొంత తెలిసిన విషయమే. చివరకు న్యూయార్కు చేరి, తన సొంత నగరమున దారి తప్పి, పోలీసుతో ఆ మాట చెప్పుకొన్నాడు. 1962లో గ్రంథము వెలువడినది. ఆ సంవత్సరమే ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది.

ఆ గ్రంథము చెప్పినంత ఒంటరిగా ఆయన లేడని తరువాత తేలినది. బిల్ స్టైగర్‌వాల్డ్ అను పత్రికారచయిత 2010లో అదేదారిన పోయి, జాబులను, వ్రాతప్రతిని పరిశీలించి, చాల దినములు భార్య వెంట ఉన్నదనియు, ట్రక్కులోకంటె హోటళ్లలోనే ఎక్కువ రాత్రులు గడిపినాడనియు చూపినాడు. 2012 ముద్రణ పీఠికలో జే పరీనీ గూడ, దీనిని అక్షరసత్యముగా తీసికొనరాదని వ్రాసినాడు. మాకు మటుకు ఆయన పడకగదుల లెక్కకంటె వేరొకటి ముఖ్యముగా తోచుచున్నది. ఆ పదివేల మైళ్లలో ఎక్కడను శరీరపు రంగును చూచి ఆయనకు గది లేదన్నవారు లేరు. ఆ సంవత్సరముననే విక్టర్ గ్రీన్ కాలధర్మము చెందినాడు. ఆయన భార్య ఆల్మా పుస్తకమును నడిపినది.

1964 జూలై 2న పౌరహక్కుల చట్టము వచ్చినది. బాటసారులకు బస ఇచ్చుటలో జాతిభేదము చూపరాదని అందులో ఒక భాగము. అట్లాంటాలో రెండు రాజమార్గముల చేరువనున్న, 216 గదులు గల ఒక మోటెల్ యజమాని, తాను నల్లవారికి గది ఇయ్యనని, ఇమ్మని శాసించు అధికారము ప్రభుత్వమునకు లేదని దావా వేసినాడు. ఆయనయే న్యాయవాది, సుప్రీంకోర్టులో తానే వాదించుకొన్నాడు. ఆ బసకు వచ్చువారిలో నూటికి డెబ్బదియైదుగురు పరరాష్ట్రములనుండి వచ్చు ప్రయాణికులు గనుక, ఇది అంతర్రాష్ట్ర వాణిజ్యమునకు సంబంధించినదని, చట్టము చెల్లునని, డిసెంబరు 14న తొమ్మిదిమంది న్యాయమూర్తులును ఏకకంఠముగా తీర్పు చెప్పినారు.

ఈ పుస్తకము అవసరము లేని దినమొకటి వచ్చునని, ఆనాడు దీని ప్రచురణ మానివేయుదుమని గ్రీన్ ఏనాడో తన పీఠికలో వ్రాసియుండెను. 1966–67 సంచిక తరువాత అది మరల వెలువడలేదు.